ఈల మోగిన తర్వాత

పాసడీనాలో నారింజపండ్లు పెట్టెలకెత్తే షెడ్డు ఒకటి ఉండేది. అందులో ఆర్విడ్ నైస్ట్రామ్ అని ఒక మనిషి పనిచేసేవాడు. మనిషి తలుపంత ఉండేవాడు, మాట మాత్రం తలుపు సందులోంచి వచ్చినట్టు వచ్చేది. ఊళ్ళో అతని గురించి చెప్పుకునేవి రెండే విషయాలు. నిండు పెట్టెను ఒంటిచేత్తో లేపుతాడని ఒకటి. పెద్ద వీధి మలుపులో పోలీసు నిలబడి బళ్ళను ఆపుతూ పంపుతూ ఉంటే, ఇతను అటు మొహం పెట్టకుండా రెండు వీధులు చుట్టు తిరిగి ఇంటికి పోతాడని రెండోది. సారా నిషేధం రోజులు కాబట్టి, ఇంట్లో దొంగతనంగా కాస్తున్నాడేమో, అందుకే పోలీసంటే బెదురేమో అని జనం నవ్వుకునేవారు. ఆర్విడ్‌కి బెదురున్న మాట నిజమే. అది పోలీసంటే కాదు, పోలీసు నోట్లో ఉన్న ఈలంటే.

ఆ ఈల సంగతి చెప్పాలంటే రాస్కో సంగతి చెప్పాలి.

ఆర్విడ్ తండ్రి నారింజ తోటలో మేస్త్రీ. తల్లి లేని ఆ కుర్రాడికి పద్నాలుగేళ్ళప్పుడు తండ్రి పోతే, పక్కింటి లవీనియా పెనింగ్టన్ అతన్ని పిలిచి తన ఇంటి వెనకగది ఇచ్చింది. ఆవిడ భర్త పోయినదే, బట్టలు కుట్టి బతికేది. ఆవిడ కొడుకే రాస్కో. ఇద్దరికీ ఒకే వయసు, ఒకే బడి, ఒకే కంచంలో తిండి. బడి జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తేది రాస్కో, ముందు నడిచి అడ్డొచ్చినవాళ్ళని తోసి దారి చేసేది ఆర్విడ్. రాస్కో పేరు పేపర్లో పడేది. ఆర్విడ్ పేరు పడేది కాదు, పడాలని అతనికి అనిపించనూ లేదు. రాస్కో అతన్ని 'స్వీడూ' అని పిలిచేవాడు, వాళ్ళ పెద్దలు స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళు కనక. ఆ పిలుపు వేరే ఎవరి నోట వచ్చినా ఆర్విడ్ ఊరుకునేవాడు కాదు.

పందొమ్మిది వందల పదిహేడులో అమెరికా యుద్ధంలో దిగింది. రాస్కో ఆ వారమే పరిగెత్తుకుంటూ వెళ్ళి నౌకా సైనికుల్లో చేరాడు. ఆర్విడ్‌కి అంత తొందర లేదు, సర్కారు చీటీలు తీసి సైన్యంలోకి లాక్కునే వరసలో పేరొచ్చేదాకా తోటలోనే ఉన్నాడు. వచ్చాక అతన్ని ఉత్తరాన, ఎప్పుడూ వాన కురిసే ఒక పెద్ద శిబిరానికి పంపారు. ఎక్కడికి పోయినా బంతాట వచ్చినవాణ్ణి బంతాట వదలదు. ఇద్దరినీ వాళ్ళ వాళ్ళ దళాల జట్లు పట్టేసుకున్నాయి.

ఏటా కొత్త సంవత్సరం రోజున పాసడీనాలో పూలబళ్ళ ఊరేగింపు, ఆ తర్వాత పెద్ద ఆట. ఆ ఏడు కాలేజీల కుర్రాళ్ళందరూ ఖాకీ తొడుక్కుని పోయారు, ఆడటానికి జట్టు లేదు. ఆట మానేద్దామా అని ఊరి పెద్దలు తర్జనభర్జన పడ్డారు. చివరికి సైన్యం జట్టూ నౌకా సైనికుల జట్టూ ఆడతాయి, వచ్చిన డబ్బు రెడ్‌క్రాస్‌కి పోతుంది అని తేల్చారు. చావుకి పంపబోయే కుర్రాళ్ళని ముందు ఒక మధ్యాహ్నం ఆడించి చూసుకుందామని ఎవరికి తట్టిందో గానీ, టికెట్లు మాత్రం ఒక్కటి మిగల్లేదు.

ఇక శిబిరంలో ఏం జరిగిందంటే, అక్కడ పొద్దున్నే కందకాల తర్ఫీదు. స్కాట్లండ్ నుంచి ఒక సార్జెంటు వచ్చాడు. ఫ్రాన్సులో రెండేళ్ళు పోరాడి, సగం చెవి అక్కడే వదిలి వచ్చినవాడు. కుర్రాళ్ళని బురద కందకంలో కూర్చోబెట్టేవాడు. ఈల మోగిందంటే పైకి దూకాలి, తల వంచుకుని పరిగెత్తాలి, ఎదురుగా వేలాడే గడ్డిబొమ్మ కడుపులో తుపాకీ కొసన ఉన్న బాకు దింపాలి. ఒక్కడు ఆలస్యం చేస్తే అందరూ మళ్ళీ బురదలోకే.

"ఈల విన్నాక ఆలోచించినోడు చచ్చినోడే!" అని అరిచేవాడు. "మీ బుర్రలు నాకొద్దు. మీ కాళ్ళు చాలు నాకు. కాళ్ళకి చెవులు మొలవాలి, తెలిసిందా?"

మొలిచాయి. మధ్యాహ్నం అదే కుర్రాళ్ళు బంతాట సాధనకి వచ్చేవారు. బంతాటలో ఈల మోగిందంటే ఆట ఆగినట్టు. ఎక్కడివాడు అక్కడ ఆగాలి. వీళ్ళేమో ఈల వినగానే తలలు వంచుకుని ఒకరి మీద ఒకరు పడేవారు. మొదట నవ్వులాట అయింది. తర్వాత ఒకడి పక్కటెముక విరిగింది. కోచ్ తల పట్టుకుని, వంటశాల నుంచి భోజనం గంట తెప్పించి, ఈల బదులు దాన్ని వాయించడం మొదలెట్టాడు.

"దండులో ఈల, ఆటలో గంట," అన్నాడు. "కానీ ఒరే, పాసడీనాలో అంపైరు ఈలే వేస్తాడు. అక్కడికి పోయాక మళ్ళీ మనుషుల్లా ఆగడం నేర్చుకోండి."

రైల్లో వస్తున్నంతసేపూ నోటితో ఈలలు వేసుకుంటూ, ఆగుతూ, నవ్వుకుంటూ వచ్చారు. అందరికంటే ఆర్విడ్ కాళ్ళే మొండికేశాయి. అతను మెల్లగా నేర్చుకునే మనిషి, నేర్చుకున్నది వదలడం ఇంకా మెల్లగా.

ఆట రోజు పొద్దున్నే అనుమతి తీసుకుని లవీనియా దగ్గరికి వెళ్ళాడు. మంగళవారం, యుద్ధం కోసం ఊరంతా మాంసం మానేసిన రోజు. ఆవిడ మొక్కజొన్న రొట్టె, తేనె, కాఫీ పెట్టింది. చేతిలో సిపాయి మేజోడు అల్లుతూనే ఉంది. వీధిలో ఊరేగింపుకి పోతున్న బండి మీద గులాబీలు కట్టిన చప్పరం ఊగుతూ పోయింది. ఆవిడ దాని వంక చూడలేదు.

"వాణ్ణి వచ్చే నెలే ఓడెక్కిస్తారట," అంది. "నీకు తెలుసా?"

"తెలుసమ్మా. చెప్పాడు."

"సంబరంగా చెప్పాడు కదూ? పెళ్ళికి పోతున్నట్టు చెప్పాడు నాతో." సూదులు ఆగాయి. "ఇవాళ నువ్వు వాడికి ఎదురు ఆడతావు."

"అవునమ్మా. మొదటిసారి."

"నువ్వు బలమైనవాడివి ఆర్విడ్. వాడు కాస్త సన్నం." ఆవిడ గొంతు తగ్గింది. "ఎముకంటావా, విరిగితే అతుక్కుంటుంది బాబూ. ఆర్నెల్లకి అతుక్కుంటుంది. ఈలోగా ఓడ పోతుంది."

ఆర్విడ్ చేతిలో రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. కప్పు కింద పెట్టి, టోపీ తీసుకుని, "ఆలస్యమైందమ్మా" అని బయటపడ్డాడు. ఆ ఇంట్లో కాఫీ సగంలో వదిలేయడం అదే మొదటిసారి.

ఆటలో నాలుగు భాగాలుంటే మూడోది నడుస్తోంది. నౌకా సైనికులే ముందున్నారు. చెక్క మెట్ల నిండా జనం, ఉత్తరాన కొండల మీద మంచు, ఆడవాళ్ళ ఒళ్ళో అల్లికకి ఊలు ఉండలు. అంపైరు ఈల మోగిన ప్రతిసారీ ఆర్విడ్ తన పిడికిలి తొడ మీద గుద్దుకుని ఆగుతున్నాడు. ఆగగలుగుతున్నానని ధైర్యం వచ్చింది కూడా. అప్పుడు రాస్కో బంతి చంకలో పెట్టుకుని పక్క గీత వెంట దూసుకొచ్చాడు. ఎవడో కాలు పట్టి లాగాడు. రాస్కో మోకాలు నేలకి తగిలింది, ఈల మోగింది. ఆట ఆగింది కనక రాస్కో ఒళ్ళు వదులు చేసుకుని, నవ్వుతూ లేస్తున్నాడు. ఆర్విడ్ వైపే చూస్తున్నాడు, ఏదో వెక్కిరింపు మాట అనబోతూ.

ఆర్విడ్ అప్పటికి గుద్దుకోవడం మరిచాడు. తల వంగింది. కాళ్ళు దూకాయి.

చప్పుడు మెట్ల దాకా వినిపించిందంటారు. తొడ ఎముక. రాస్కో కింద పడి, మొహం తెల్లబడి, మొదట అన్న మాట ఒకటే.

"ఈల మోగింది కదరా స్వీడూ!"

"మోగింది," అన్నాడు ఆర్విడ్. "మోగింది. అందుకే..."

ఆ మాట పూర్తి కాలేదు. నౌకా సైనికులు ఇద్దరు అతని మీద పడ్డారు, అంపైరు మెడ పట్టి బయటికి గెంటాడు, జనం తిట్టారు. ఆ తిట్లేవీ ఆర్విడ్‌కి వినపడలేదు. తను చెప్పబోయింది నిజం. ఈల మోగింది, అందుకే దూకాను. కానీ సగంలో తెగిన ఆ మాట రాస్కో చెవికి, కావాలనే కొట్టానన్నట్టు తగిలి ఉంటుందని గ్రహించేసరికి వాణ్ణి మంచం మీద మోసుకుపోయారు.

మర్నాడు రైలెక్కే ముందు ఆసుపత్రికి వెళ్ళాడు. నడవాలో లవీనియా ఎదురై, రెండు చేతులతో అతని మొహం పట్టుకుంది.

"నా మాట విన్నావు బాబూ," అంది ఏడుస్తూ. "నా కొడుకుని నాకు మిగిల్చావు."

"లేదమ్మా! నేను కావాలని చెయ్యలేదు. ఈల మోగితే..."

"తెలుసు, తెలుసు. అలాగే చెప్పు అందరికీ."

తలుపు తెరిచే ఉంది. మంచం మీద రాస్కో అంతా విన్నాడు.

"అమ్మ అడిగిందా?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు, అదే ఆర్విడ్‌ని భయపెట్టింది. "అడిగితే నువ్వు సరేనన్నావా? నన్ను అడగాలని తోచలేదా మీ ఇద్దరికీ? పో ఇక్కణ్ణుంచి."

రాస్కో కాలు అతుక్కుంది గానీ పొట్టిగా అతుక్కుంది. కర్ర వచ్చింది. వాడి జట్టువాళ్ళందరూ ఓడెక్కారు. వసంతం వచ్చేసరికి, పట్టపగలు సాధారణ బట్టల్లో తిరిగే పడుచువాణ్ణి ఊరు ఎలా చూస్తుందో రాస్కోకి తెలిసొచ్చింది. దెబ్బ సంగతి తెలిసినవాళ్ళు, "స్నేహితుడు భలే ఏర్పాటు చేశాడు" అని గుసగుసలాడారు. ఒక పొద్దున లేచేసరికి పెనింగ్టన్ వాళ్ళ గేటుకి పసుపు రంగు పూసి ఉంది. యుద్ధం ఎగ్గొట్టినవాళ్ళ గేట్లకి పూసే రంగు అది. లవీనియా గోకి గోకి కడిగింది. మళ్ళీ పూశారు. పూసినవాళ్ళు ఆదివారం చర్చిలో పక్కనే కూర్చున్నారు. ఆ ఊరి దేశభక్తి అలాంటిది, నాకు ఈనాటికీ దాని మీద గౌరవం లేదు.

జూన్‌లో రాస్కో దళం ఫ్రాన్సులో ఒక గోధుమ చేనుకి అడ్డంగా నడిచింది. చేను దాటినవాళ్ళు తక్కువ. ఆ శరత్కాలంలో జ్వరాలొచ్చి లవీనియా పోయింది.

ఆర్విడ్ అదే శరత్కాలంలో ఫ్రాన్సు అడవుల్లో పోరాడాడు. అక్కడ ఈల మోగితే దూకడం తప్పు కాదు. మోగిన ప్రతిసారీ అందరికంటే ముందు కందకం దాటాడు. అధికారులు ధైర్యమన్నారు, పతకం కూడా ఇచ్చారు. ధైర్యం కాదని అతనికి తెలుసు. పతకాన్ని మేజోడులో చుట్టి పెట్టెలో అడుగున పడేశాడు.

తిరిగొచ్చాక అతనికి ఒకటే కోరిక. రాస్కో నమ్మాలి. మళ్ళీ స్నేహం చెయ్యకపోయినా ఫరవాలేదు, అది పొరపాటని ఒక్కసారి నమ్మితే చాలు. ఊళ్ళోకి వచ్చిన వారానికే వెళ్ళి తలుపు తట్టాడు. శిబిరం, సార్జెంటు, గంట, అన్నీ మెట్ల మీద నిలబడే చెప్పాడు. తన జన్మలో అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

రాస్కో చివరిదాకా విన్నాడు.

"ఈల వింటే దూకావా?" అన్నాడు. "ఆ రోజు మీ జట్టులో పదకొండుమంది ఉన్నారు. అందరికీ అదే సార్జెంటు, అదే ఈల. మిగతావాళ్ళు దూకలేదే? పొద్దున మా అమ్మ రొట్టె తిన్నవాడొక్కడే దూకాడు. దూకిందీ నా మీదకే."

"రాస్, నా మాట విను..."

"పతకం ఇచ్చారట కదా. మంచిది." తలుపు పడింది.

ఆ ప్రశ్న ఆర్విడ్‌ని వదల్లేదు. నిజమే, మిగతావాళ్ళు దూకలేదే? పనిలో, నిద్రలో, భోజనం దగ్గర దాన్నే నమిలాడు. కాళ్ళే దూకాయని అతనికి తెలుసు. తెలుసుననే అనుకున్నాడు. కానీ ఆ కాళ్ళలో లవీనియా మాట ఏమైనా దూరిందా అని తనని తాను అడిగితే, ఒక్కోరోజు గట్టిగా లేదని చెప్పలేకపోయేవాడు. షెడ్డులో పనికి కుదిరింది కూడా, అక్కడ పని మొదలుకీ ముగింపుకీ గంట కొడతారని. ఈలలుండే చోట్లకల్లా దూరమయ్యాడు. బంతాట మైదానాల ఛాయలకి పోలేదు.

ఆట జరిగి నాలుగో ఏడు. రాస్కో బడిలో పంతులై, బడి జట్టుకి కోచ్ కూడా అయ్యాడు. పెళ్ళయింది, ఒక కూతురు. శరత్కాలంలో ఒక మధ్యాహ్నం షెడ్డు మేస్త్రీ వచ్చి, "కుంటి పంతులు నిన్ను బడి మైదానానికి రమ్మన్నాడోయ్" అన్నాడు. ఆర్విడ్ చేతిలో పెట్టె జారి, పండ్లు నేలంతా దొర్లాయి. అవి ఏరకుండానే వెళ్ళాడు.

రాస్కో చెక్క బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మైదానం అవతలి కొసన కుర్రాళ్ళు బరువులు తోస్తున్నారు, వాళ్ళని చూసుకోడానికి ఇంకో పంతులున్నాడు. బల్లకి కొంత దూరంలో, గుద్దడం సాధన చేసే గడ్డిబొమ్మ తాడుకి వేలాడుతోంది. ఆర్విడ్ దాని వంక చూసి, చూపు తిప్పుకుని, బల్ల చివర కూర్చున్నాడు.

"మొన్న మా దళంవాడు ఒకడొచ్చాడు," అన్నాడు రాస్కో. "ఆ చేను దాటినవాడు. మా ఇంట్లో భోంచేశాడు. ఎవరెవరు ఎక్కడ పడ్డారో కంచం మీద చెంచాలు పెట్టి చూపించాడు. జట్టులో నా చోట హాలోరన్ అని ఒకణ్ణి పెట్టారులే, నడిచేటప్పుడు కూడా వరసలో నా చోటే వాడికిచ్చారట. వాడు పది అడుగులు కూడా వెయ్యలేదు."

ఆర్విడ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా కూతురు ఆ చెంచాలు తీసుకుని ఆడుకుంది. నేను చూస్తూ కూర్చున్నా." రాస్కో కర్ర కొనతో మట్టి గీశాడు. "ఎందుకు మిగిలాన్రా నేను? ఎవడో మెల్లగా ఆలోచించే లావుపాటివాడు ఈలకి కంగారుపడ్డందుకా? అంతేనా? అలాగైతే హాలోరన్ పెళ్ళాం మొహం నేనెలా చూడను? ఎవరో ఒకరు నన్ను కావాలనుకుని మిగిల్చారంటే బతకగలను. పొరపాటున మిగిలానంటే నావల్ల కాదు స్వీడూ."

స్వీడూ. ఆ పిలుపు విని నాలుగేళ్ళయింది.

"ఆ రోజు మోగింది, అందుకే, అన్నావు," అన్నాడు రాస్కో. మొహంలో బతిమాలడం తప్ప ఇంకేం లేదు. "అందుకే ఏంటి? సగంలో ఆపేశావు. ఇప్పుడు చెప్పు."

నాలుగేళ్ళుగా ఆర్విడ్ పట్టుకుని వేలాడుతున్నది ఒకే ఒక్క నిజం. మనిషిగా తనకి మిగిలిందదే. దాన్ని నమ్మమని తలుపు తట్టాడు, గెంటించుకున్నాడు. ఇప్పుడు వాడే పిలిచి, అది వదిలెయ్యి అంటున్నాడు. వదిలేస్తే స్నేహితుడి కాలు తెలిసి విరిచినవాడవుతాడు, ఎప్పటికీ. రాస్కో కర్ర వంక, ఆ పొట్టి కాలు వంక చూశాడు.

"అమ్మ అడిగిందిరా," అన్నాడు. "అందుకే."

రాస్కో తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. కాసేపటికి చెయ్యి చాచి, చూడకుండానే ఆర్విడ్ భుజం పట్టుకున్నాడు. చిన్నప్పుడు గెలిచి వచ్చేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. ఆర్విడ్ కూడా ఏడ్చాడు. వాడు ఒకందుకు, తను ఒకందుకు.

అంతలో అవతలి కొసన ఆ పంతులు కుర్రాళ్ళని ఆపడానికి ఈల వేశాడు.

ఆర్విడ్ బల్ల మీద లేడు. తల వంచుకుని పోతున్నాడు. చేతిలో లేని తుపాకీని రెండు చేతులూ పట్టుకున్నాయి, నోట్లోంచి మనిషి అరుపు కానిదేదో వస్తోంది. గడ్డిబొమ్మకి ఎదురెళ్ళి, కడుపులో పొడిచి, దానితో సహా నేల మీద పడ్డాడు. కుర్రాళ్ళలో ఒకడు పకపకా నవ్వాడు. పక్కవాడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు.

రాస్కో కుంటుకుంటూ వచ్చాడు. అంత దూరం రావడానికి వాడికి చాలాసేపు పట్టింది. ఆర్విడ్ బొమ్మ మీద బోర్లా పడి, వేళ్ళు విప్పుకోలేక అలాగే ఉన్నాడు. రాస్కో ఆ వేళ్ళని చూశాడు. వంగిన మెడని చూశాడు. ఆ రోజు పక్క గీత దగ్గర తను లేస్తూ చివరిగా చూసింది ఆ మెడనే. అప్పుడు మెట్ల మీద ఆర్విడ్ చెప్పింది నిజమేనని అర్థమైంది.

"రాస్," అన్నాడు ఆర్విడ్, గడ్డిలోకే. "నేను..."

"నోర్ముయ్." రాస్కో కర్ర పక్కన పడేసి, పొట్టి కాలు చాపుకుని కష్టం మీద నేల మీద కూర్చున్నాడు. ఆర్విడ్ వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని విప్పసాగాడు.

"అమ్మ అడిగింది, అందుకే," అన్నాడు రాస్కో చివరికి. "అదే కదా ఇందాక చెప్పావు?"

"అదే."

"ఆ మాట మీదే ఉండరా. చచ్చేదాకా ఉండు."

"ఉంటాన్రా," అన్నాడు ఆర్విడ్.